సూర్యకళ చేతి రేకు

ఆత్రేయపురం పక్క ఊళ్ళో పూతరేకులు తీసే ఆడవాళ్ళ చేతులు చూస్తే కొత్తవాళ్ళకి గుండె గుభేలుమంటుంది. బోర్లించిన కుండ, దాని కింద మంట. బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఆ కుండ మీద పరిచి చటుక్కున లాగెయ్యాలి. మరుక్షణం కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. వేలు తగిలితే చుర్రుమంటుంది. ఇరవై ఏళ్ళు ఆ పని చేశాక బొబ్బ లేవని వేలంటూ మిగలదు. అందుకే సూర్యకళ వేళ్ళు కుండకి అంటుకుంటున్నా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోకపోతే రేకులు తీసే షెడ్డులో అందరూ తెగ మెచ్చుకున్నారు.

"అబ్బో, దీని చెయ్యి చూడండే! నిప్పుక్కూడా బెదరట్లేదు" అన్నారు.

ఏం మెచ్చుకోలు! ఆ చేతికి స్పర్శే పోయిందని ఒక్కరికీ తట్టలేదు. సూర్యకళకీ తట్టలేదు. పైగా మురిసిపోయింది, పిచ్చిది.

ఆశా కార్యకర్త ఉషారాణి ఇంటింటి సర్వేకి వచ్చినప్పుడు సంగతి బయటపడింది. మోచేతి కింద పాలిపోయిన మచ్చ చూసి, "కళ్ళు మూసుకో అక్కా, నేను తాకినప్పుడల్లా చెప్పు" అని పెన్ను మొనతో తాకింది.

"తాకవేంటే?" అంది సూర్యకళ కాసేపాగి. ఉషారాణి అప్పటికి నాలుగుసార్లు తాకింది.

కుష్టు అని డాక్టరు ప్రసన్నకుమార్ గారు దాపరికం లేకుండా చెప్పారు. ఏడాది పాటు మాత్రలు మింగమన్నారు. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఇంకెవరికీ అంటదన్నారు. మాత్రలకి ఒళ్ళు నల్లబడుతుందనీ, మందు ఆపాక మెల్లగా మామూలవుతుందనీ కూడా చెప్పారు. సూర్యకళ ఒక్క పూట తప్పకుండా మింగింది. నెల తిరిగేసరికి మొహం నల్లబడింది. రోగం ఒంట్లో ఉన్నన్నాళ్ళూ దాని జోలికి పోని ఊరు, రోగాన్ని చంపే మందుని చూసి జడుసుకుంది.

షెడ్డు యజమానురాలు రత్నమాణిక్యం గారు గుమ్మంలోనే ఆపేసింది. "రేపట్నించి రాకు. నీ చెయ్యి పడిందని తెలిస్తే నా సరుకు ముట్టుకుంటారా ఎవరైనా?" అంది.

"అంటదన్నారండి డాక్టరు గారు. కాయితం కూడా ఇచ్చారండి."

"కాయితం నువ్వే దాచుకో" అని, సూర్యకళ వాడే కుండని చీపురు కర్రతో వీధిలోకి దొర్లించింది. కుండ రెండు చెక్కలైంది. ఇంటికొస్తే అత్త సంపూర్ణమ్మ కోడలి కంచం, గ్లాసు పెరటి అరుగు మీదికి మార్చేసి కూర్చుంది. మనిషిని బతికుండగానే ఎలా వెలివెయ్యాలో వీళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు! సూర్యకళ ఏడవలేదు. ఒళ్ళు మండిపోయింది. ఏడాదంతా ఒకటే పట్టుదల: మళ్ళీ కుండ ముందు కూర్చోవాలి, ఈ చేత్తోనే రేకు తియ్యాలి.

మందులు పూర్తయిన నెలకి పంచాయతీ ఆఫీసులో అవగాహన సభ పెట్టారు. ఉషారాణి మైకు పట్టుకుని గొంతు చించుకుంది. "తాకితే అంటదు, కలిసి తింటే అంటదు, భయపడకండి" అంది. డాక్టరు గారు సూర్యకళని పక్కన నిలబెట్టి, ఈవిడకి పూర్తిగా నయమైందని చెప్పారు. వేలికి గుడ్డ చుట్టుకుని, తెలీకుండా ఎక్కడైనా కాలిందేమో అని సాయంత్రం చేతులు చూసుకుంటూ ఉంటే పాత పని చేసుకోవచ్చన్నారు. అంతమంది ముందు రత్నమాణిక్యం గారు లేచి, "మా సూర్యకళని రేపే పన్లోకి తీసుకుంటానండి!" అంది. చప్పట్లు. ఫోటోలు.

మర్నాడు సూర్యకళ అందరికన్నా ముందు షెడ్డుకి వెళ్ళింది. వెనకవైపు మూలన ఆవిడ ఒక్కదానికే వేరే పొయ్యి, కొత్త కుండ. పోనీలే అనుకుంది. మొదటి రేకు చిరక్కుండా లేచినప్పుడు కళ్ళు చెమర్చాయి. పది రోజులు తల ఎత్తకుండా తీసింది.

పదకొండో రోజు మధ్యాహ్నం చెయ్యి కడుక్కుందామని కాలవ రేవులోకి దిగింది. నీళ్ళ మీద తెల్లగా ఏదో తేలుతోంది. బాతులు ఎగబడి తింటున్నాయి. వంగి చూసింది. రేకులు. అంచు సన్నగా మడతపడే తీరు ఆవిడ చేతిదే. పైన గట్టు మీద పనిమనిషి రత్తమ్మ నిన్నటి రేకుల బుట్ట బోర్లించి దులుపుతోంది.

"నన్ననకు తల్లీ, అమ్మగారు చెప్పారు. రోజూ ఇంతే" అంది రత్తమ్మ.

సూర్యకళ తిన్నగా షెడ్డులోకి వెళ్ళింది. రత్నమాణిక్యం గారు ఏమాత్రం తడబడలేదు. "నీ కూలి నీకొస్తోంది కదే. కూర్చోడానికి కుండ ఇచ్చాను. ఇంకేం కావాలి నీకు?"

"తినేవాళ్ళు కావాలండి" అంది సూర్యకళ.

ఆ ఉదయం తీసిన రేకుల బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది. బస్సులాగే చోట రోడ్డు పక్కన దించి, గొంతెత్తి అరిచింది. "కుష్టొచ్చి తగ్గిన సూర్యకళ చేతి రేకులండీ! డబ్బులొద్దు, తినేవాళ్ళు రండి!"

జనం దూరదూరంగా జరిగారు. ఒకాయన ఉమ్మేసి వెళ్ళాడు. మూడు బస్సులు వచ్చి వెళ్ళాయి. సూర్యకళ ఒక రేకు తుంచి అందరూ చూస్తుండగా తాను తింది, మళ్ళీ అరిచింది. అంతలో ఉషారాణి స్కూటీ మీద అటుగా వస్తూ, జనాన్ని చూసి స్లో చేసింది. బుట్ట చూసింది. మళ్ళీ యాక్సిలరేటరు తిప్పబోయింది.

"ఉషారాణీ! ఆగు" అంది సూర్యకళ. "మైకులో చెప్పావు కదే. ఇలా రా."

ఉషారాణి చుట్టూ ఉన్నవాళ్ళని చూసింది. స్కూటీ స్టాండు వేసి దగ్గరికొచ్చింది. మొహం పాలిపోయింది. సూర్యకళ రేకు తీసి, కాగితంలో పెట్టకుండా, తన చేత్తోనే ఆమె అరచేతిలో పెట్టింది.

"మాట్లాడకు. తిను" అంది. ఉషారాణి అది నోట్లో పెట్టుకుని మింగేదాకా సూర్యకళ ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు.