కొత్త హారన్

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో ఒక కారు హారన్ ఉంది. దాన్ని టవల్లో చుట్టి పసిబిడ్డలా పట్టుకున్నాడు.

“కొత్తదా మామా?” అన్నాను.

“కంపెనీది మనం కొనలేమప్పా, ఇది బయట రకం. మా మెకానిక్కు టీ తాపితే బిగిస్తాడు. కానీ ముందు మా ఇంటామె వినాల. ఆమెకు కండ్లు కనపడవు. నా కారు పాత హారన్ కూత విన్నంకనే తలుపు తీసేది. అది చెడిపోయినప్పట్నుంచి ఎవురు తలుపు కొట్టినా బెదురుకుంటాంది. కారు ఆ మెకానిక్ షెడ్డులోనే ఉంది, ఆమెను కూడా ఆడనే కూచోబెట్టి వచ్చినా.”

“ఆమెకు నచ్చకుంటే?”

“మళ్లా అంగడికే పోతా.”

ఆయన దిగిన చోటే, రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు ఉంది. ముందు స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది. బస్సు అక్కడ కాసేపు ఆగింది. నేను కిటికీలోంచి చూస్తుండగానే మెకానిక్ హారన్ వైర్లను బ్యాటరీకి తగిలించాడు. అది గట్టిగా మోగింది.

“ఏందయ్యా ఇది, పెండ్లి బస్సు మాదిరి అరుస్తాంది!” అని ఆమె నవ్వింది. “ఇంగోసారి కొట్టించు.”

హారన్ మళ్లీ మోగింది. ఈసారి ఆమె నవ్వలేదు. శబ్దం వచ్చిన వైపు ముఖం తిప్పి చేయి చాచింది.

“ఊ, ఇంగ నువ్వేనని తెలుస్తాది.”

ఆయన ఆ చేయి పట్టుకున్నాడు.

కాపరి స్వరాన్ని గొర్రెలు గుర్తుపడతాయని సండే స్కూల్లో పిల్లలకు ఏళ్లుగా చెబుతున్నాను. ఇప్పుడు ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఆమె ముఖమే కనిపిస్తుంది. వీధిలో హారన్ మోగితే విసుక్కోవడం మానేశాను. ఏదో ఇంట్లో ఎవరో తలుపు తీయడానికి లేస్తుంటారని, వాళ్ల కోసం ఒక్క మాట ప్రార్థిస్తాను.