బలపం నిలవని పలక

మొన్న మార్కాపురంలో పెట్రోలు బంకు దగ్గర మా మనవడి పాత కారు ఆగితే, బానెట్ ఎత్తి చూసిన బంకు మనిషి, "ఆయిల్ అడుగంటింది పెద్దాయనా, ఎవురన్నా తీసి అమ్ముకుంటాండారేమో చూసుకో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. బంకులోకి వచ్చేటప్పుడు వెనక గొట్టంలోంచి వచ్చిన నీలం పొగ అతనికి కనపడలేదు గాని నాకు కనపడింది, దాంతో నా ఎడమ మణికట్టు సలపడం మొదలుపెట్టింది.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. మా నాయన పలకరాయి గనిలో కూలి. నేను మిషన్ దొరగారి కారు కడుగుతూ డ్రైవింగూ, రెంచీ పట్టడమూ నేర్చుకొని, ఆ గని యజమాని కారుకే డ్రైవరుగా కుదిరాను. నాలాంటి చర్చి వీధివాడు స్టీరింగు పట్టడం గిట్టనివాళ్లు ఊళ్లో చాలామంది ఉండేవారు, ఆ ముఖాలన్నీ నాకిప్పటికీ గుర్తే. యుద్ధం రోజులు కావడంతో ఇంజన్ ఆయిల్ దొరకడం గగనం. అలాంటిది కారు గిద్దలూరు పోయివస్తే చాలు, ఆయిల్ సగానికి దిగేది. నీలం పొగ వస్తోంది, ఇంజనే తాగుతోంది, విప్పి చూద్దామని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ యజమాని బావమరిది, డ్రైవరువు డ్రైవరు మాదిరి ఉండమని కసిరాడు.

ఒక సంతరోజు పొద్దున, గని దుకాణం ముందు, జనమంతా చూస్తుండగా అతను నన్ను నిలదీశాడు.

"ఆయిల్ యాడికి పోతాందిరా? కంభంలో ఎవునికి పోస్తాండావు?"

"ఇంజనే తాగుతాందయ్యా."

"తాగుతాందంట. రేపట్నించి నంజుకోను దానికి ఉల్లిగడ్డ గూడా పెడదామా?"

జనం నవ్వుతుండగానే, కారు స్టార్టు చెయ్యడానికి ముందువైపు పెట్టి తిప్పే ఇనుప హ్యాండిలు అందుకొని కొట్టాడు. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది చెవి పక్కన, మూడోది తలకు తగలకుండా చెయ్యి అడ్డం పెడితే మణికట్టు ఎండుకట్టెలా పటుక్కుమంది. కింద పడ్డాక నోట్లోకి మట్టీ నెత్తురూ కలిసి వచ్చేదాకా తన్నాడు. గనిలోంచి పరిగెత్తుకొచ్చిన మా నాయన అతని కాళ్లు పట్టుకుంటే ఆయన్నీ తన్నాడు. ఒక్కరూ అడ్డం రాలేదు. దొంగ అన్న పేరు పడితే మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నాకు మళ్లీ ఎవరూ స్టీరింగు ఇవ్వరు; విరిగిన చెయ్యి కంటే నన్ను బాధపెట్టింది అదే.

సంత లేచిపోయాక యజమాని వచ్చాడు. కట్టు కట్టిన చేత్తో లేచి, ఒక కొత్త పలక ఇప్పించండయ్యా అని అడిగాను. మా నాయన హ్యాండిలు తిప్పి కారు స్టార్టు చేస్తే, ఆ పలకను పొగ గొట్టానికి ఎదురుగా కాసేపు పట్టి యజమానికి అందించాను. సరుకు పరీక్షించడానికి ఆయన జేబులో ఎప్పుడూ ఒక బలపం ఉండేది. గీత గీశాడు, బలపం జారిపోయింది. పంచె కొంగుతో తుడిచి మళ్లీ గీశాడు, మళ్లీ జారింది. పొగలో వచ్చిన నూనె పట్టిన పలక మీద బలపం నిలవదని ఆయనకు నేను చెప్పాలా? తప్పు నీది కాదని ఒక్క మాట అంటాడని చూశాను. ఆయన పలకను బంపరుకేసి బద్దలు కొట్టాడు, ఒక ముక్క ఎగిరి నా పెదవి కోసింది.

"ఎన్ని దినాల్లో బాగుచేస్తావు?" అన్నాడు, అంతే.

మర్నాడు హ్యాండిలు తిప్పిస్తే ఎదురు లేకుండా తిరిగింది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో చెంచాడేసి ఆయిల్ పోసి, ప్లగ్గులు మళ్లీ బిగించి తిప్పిస్తే బిగిసింది. సందులను ఆయిల్ మూసిందంటే తప్పు వాల్వులది కాదు, పిస్టన్ల చుట్టూ ఉండే రింగులది. విప్పి చూస్తే రింగులు కత్తి అంచుల్లా అరిగి, చుట్టూ బూడిదరంగు గని దుమ్ము. గాలి లోపలికి పోయేచోట దుమ్మును ఆపే జాలీని, కారు బాగా లాగుతుందని పీకేసింది ఆ బావమరిదే. చెన్నపట్నం నుంచి కొంచెం పెద్ద రింగులు తెప్పించి, మా నాయన పట్టుకుంటే నేను ఒంటిచేత్తో వాటి కొసలు ఆకురాయితో రాసి, చీలికలు ఒకే వరసలోకి రాకుండా తిప్పి అమర్చాను.

స్టార్టు చేసే రోజు హ్యాండిలు తనే తిప్పుతానని బావమరిది ముందుకొచ్చాడు. నేను సీట్లో ఉన్నాను. స్టీరింగు దగ్గర ఇంజన్లో నిప్పురవ్వ పడే క్షణాన్ని ముందువెనకలు చేసే చిన్న పుల్ల ఉండేది. తిప్పేముందు దాన్ని వెనక్కి తియ్యకపోతే ఇంజన్ ఎదురు తంతుంది. తన్నింది. అతని మణికట్టు వెనక్కి మడతపడింది, ఎముక చర్మం చీల్చుకొని బయటికొచ్చింది, గొడ్డులా అరుస్తూ మట్టిలో దొర్లాడు. అలాంటివి డ్రైవర్లకు మామూలే గనక, మరిచిపోయానంటే అందరూ నమ్మారు. మరిచిపోలేదు. రెండోసారి మా నాయన తిప్పేముందు పుల్ల వెనక్కి తీశాను. కొద్దిరోజులకు పొగ పూర్తిగా ఆగిపోయింది.

పొగ పోయింది గాని పేరు పోలేదు. దెబ్బలు సంతంతా చూసింది, పలకను చూసింది ముగ్గురమే. కంభంలో, గిద్దలూరులో నా వెనక 'ఆయిల్ అమ్ముకున్నోడు' అనేవారు. చివరికి బెజవాడ లారీల మీదికి పోయాను.

ఇప్పుడు కార్లకు హ్యాండిళ్లు లేవు, ఆయిల్ తగ్గితే ఎర్ర దీపం వెలుగుతుంది, డ్రైవరును అన్నా అని పిలుస్తున్నారు. మంచిదే. బంకు దగ్గర ఆ నవ్వులు విని, ఒక పలక పట్టుకురమ్మని మనవణ్ణి పంపాను. పలకల ఊళ్లో మూడు దుకాణాలు తిరిగి వాడు ఒక ప్లాస్టిక్ పలక తెచ్చాడు. పొగ తగిలినా తగలకపోయినా దాని మీద బలపం ఎలాగూ నిలవదు. దాన్ని ఒళ్లో పెట్టుకొని కారెక్కి కూచున్నాను. వాళ్లింకా నవ్వుతూనే ఉన్నారు.