కుక్కుటేశ్వరరావు హస్తవాసి

రాజమండ్రిలో కంప్యూటర్ మెకానిక్కులు చాలామందే ఉండేవారు గానీ, హస్తవాసి ఉన్నవాడు మాత్రం కుక్కుటేశ్వరరావు ఒక్కడే. ఆ సంగతి అతనే స్వయంగా ఊరంతా చెప్పేవాడు కాబట్టి అనుమానానికి తావు లేదు.

2001 ఎండాకాలంలో, కడియంలోని సత్యప్రసాద్ గారి నర్సరీలో ఆ హస్తవాసికి పరీక్ష వచ్చింది. అసలు కంప్యూటర్ యజమాని గారి ఏసీ గదిలో ఉండేది. బయట గుమాస్తా దుర్గాశ్రీ తన మిషన్ మీద బిల్లు కొడితే, పనంతా ఆ లోపలిదే చెయ్యాలి. అది ఉన్నట్టుండి మొరాయించేది. బిల్లు రానిదే లారీ కదలదు. లారీలో మొక్కలేమో ఎండకి తలలు వేలాడేసేవి. కుక్కుటేశ్వరరావు స్కూటరేసుకొచ్చి లోపలి మౌస్ ఇలా కదిపితే చాలు, బయట బిల్లులు టకటకా వచ్చేసేవి. ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో చూపించే గీత నేలబారుగా పడుకుని ఉండేది.

"లోపం మిషన్లో లేదండి, మీ గుమాస్తా అమ్మాయి చేతిలో ఉంది" అని తీర్పు చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. దుర్గాశ్రీ పళ్ళు బిగబట్టి బిల్లులు కొట్టుకునేది.

చివరికి సత్యప్రసాద్ గారికి విసుగొచ్చింది. "మీ చెయ్యి మంచిదే గానండి, మీతోపాటే వెళ్ళిపోతోంది. ఇవాళ లారీ బయలుదేరేదాకా ఇక్కడే కూర్చోండి. మళ్ళీ ఆగిందంటే కాకినాడ మెకానిక్కుల్ని పిలిపిస్తాను."

కుక్కుటేశ్వరరావు లెక్క వేసుకున్నాడు. కడియంలో ఒక నర్సరీలో పేరు పోతే సాయంత్రానికి అన్నిట్లోనూ పోతుంది. "ఆగదండి" అని అభయమిచ్చి, ఏసీ గదిలో పెసరట్టు ముందు కూర్చున్నాడు. ఇక మౌస్ ముట్టుకునే తీరిక లేకపోయింది. కాసేపటికి తెర మీద అఖండ దీపం వెలిగింది. కంప్యూటర్ ప్రారంభోత్సవం నాడు అతనే కానుకగా పెట్టిన స్క్రీన్‌సేవర్ అది, మిషన్‌ని కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర మీదికొచ్చే బొమ్మ. మంట ఎంత సహజంగా రెపరెపలాడేదంటే, సత్యప్రసాద్ గారు చెప్పులు విడిచి మరీ దండం పెట్టేవారు. కంప్యూటర్ డబ్బాలో ఫ్యాను హోరెత్తింది.

"మళ్ళీ ఆగిందండీ!" బయటినుంచి దుర్గాశ్రీ కేక.

మౌస్ కదిపాడు. దీపం పోయింది, హోరు తగ్గింది. "వచ్చిందండీ!" కాసేపు చెయ్యి తీసి చూశాడు. దీపం వెలిగింది. "ఆగిందండీ!"

కుక్కుటేశ్వరరావు పెసరట్టు పక్కకి నెట్టాడు. ప్రాసెసర్ సత్తువంతా పీల్చేస్తున్నది ఆ దీపమే. తను ముట్టుకోగానే అది మాయమయ్యేది. ఇన్నాళ్ళూ హస్తవాసిగా చెలామణీ అయింది ఈ భాగ్యమే! సిగ్గేసింది, నిజంగానే. కానీ సిగ్గు ఎవరికీ కనపడదు, పేరు కనపడుతుంది. గబగబా ఆ దీపం తీసేసి, కదలని దీపం బొమ్మ పెట్టాడు.

"అదేంటండి, మంట కదలట్లేదు?" అన్నారు సత్యప్రసాద్ గారు.

"దీపం రెపరెపలాడకూడదండి. నిలకడగా ఉంటేనే శుభం."

ఆయన పరవశించిపోయి శాలువా కప్పారు.

ఆ తర్వాత కడియం నుంచి ఫోన్ లేదు. వానలొచ్చాయి, వెళ్ళాయి. జబ్బే లేని చోట హస్తవాసి ఎవరిక్కావాలి? చివరికి పిలవకుండానే వెళ్ళాడు. సంచిలో రంగురంగుల చేపలు ఈదే కొత్త స్క్రీన్‌సేవర్ సీడీ ఉంది.

యజమాని లేరు. దుర్గాశ్రీ మర్యాదగా కాఫీ తెప్పించింది.

"మిషన్ ఎలా ఉందమ్మా?"

"బాగుందండి."

ఆ ముక్క అతనికి ఎక్కడో చురుక్కుమంది. "తెర మరీ బోసిగా ఉంది. చేపల బొమ్మొకటి పెడతాను" అంటూ సీడీ తీశాడు.

"వద్దండి. దీపం మార్చిన రోజే నాకంతా అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు" అంది దుర్గాశ్రీ, బిల్లు మీంచి తలెత్తకుండా. "లోపం నా చేతిలో ఉందన్నారు చూడండి, ఆ మాటొక్కటీ సార్‌తో మీ నోటితోనే సరిచేసి వెళ్ళండి. వచ్చే వేళయింది, కూర్చోండి."

బయట జీపు ఆగిన చప్పుడైంది. కుక్కుటేశ్వరరావుకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.