క్లైమాక్స్‌గాడు డీలరమ్మకిచ్చిన టిప్పు

ఆ రోజుల్లో, అంటే జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో నేను మాస్టర్స్ వెలగబెడుతున్న రోజుల్లో, మేం జూదం ఆడలేదంటే అబద్ధమే అవుతుంది. హాస్టల్ కింద వాషింగ్ మెషిన్ ఖాళీగా ఉంటుందా అన్నది ఒక జూదం. వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరుకుతుందా అన్నది ఇంకా పెద్ద జూదం. కాకపోతే నిజం పేకముక్కలతో, నిజం కాసినోలో, కోటు తొడుక్కుని కూర్చుని ఆడింది మాత్రం ఒక్కసారే. (కోటు పక్కగది తమిళ కుర్రాడిది. చేతులు నా వేళ్ల దాకా వచ్చేవి. అందులో నన్ను చూసినవాళ్లకి నేను ఎవరి పెళ్లికో వచ్చి తప్పిపోయినట్టు కనిపించి ఉంటాను.)

నన్ను అక్కడికి లాక్కెళ్లింది నా రూమ్మేటు. వాడిది కరీంనగర్, నాది కాకినాడ. వాణ్ణి మేమంతా క్లైమాక్స్ అని పిలిచేవాళ్లం, ఎందుకంటే వాడి జీవితంలో ఇంటర్వెల్ కూడా ఉండేది కాదు. అన్నంలో నీళ్లెక్కువైతే “అయిపోయింది మామా, అంతా అయిపోయింది” అంటూ వంటగది గోడకి జారగిలబడేవాడు. లెటర్‌బాక్సులో ప్రభుత్వం కవరు కనిపిస్తే సూట్‌కేసు కిందికి దించేవాడు. (తీరా విప్పితే రేడియో ఫీజు కట్టమని.) ఆ డ్రామాల్లో గాలి తీసెయ్యడం నా పార్ట్‌టైమ్ ఉద్యోగం. జీతం లేకపోయినా ఒక్క సెలవు పెట్టకుండా చేశాను.

ఆ వేసవిలో మాత్రం వాడి కంగారుకి అర్థముంది. ఊరవతల కారు విడిభాగాల కంపెనీలో, కొనుగోళ్ల విభాగంలో వాడు ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడు. అక్కడే థీసిస్ చేసుకునే అవకాశం ఒకటుంది. అది దొరికితే జీతం, ఆ తర్వాత ఉద్యోగం మీద ఆశ. దొరక్కపోతే సైకిలు మీద పిజ్జాలు, ఇంటికి ఫోన్‌లో అబద్ధాలు. అది తేల్చాల్సింది ఆ విభాగం పెద్ద, మేం పెట్టుకున్న పేరు మీసాలాయన. ఆయన బవేరియా మనిషి, మొహమాటం తెలీదు. “పని బాగా చేస్తావు. కానీ సప్లయర్ ఫోన్ చేసి ధర పెంచుతానంటే నీ మొహం చూసే వాడు ఇంకో రెండు శాతం పెంచుతాడు. నా విభాగంలో కంగారు పనికిరాదు. ఆలోచించి సోమవారం చెబుతాను” అని ముఖం మీదే అనేశాడట.

సోమవారానికి ముందు శుక్రవారం వచ్చింది. ఆ సాయంత్రం విభాగమంతా కలిసి దగ్గర్లోని కాసినోకి పోకర్ ఆడటానికి వెళ్తోంది. నేర్చుకునేవాళ్లకని చిన్న పందేల బల్ల ఒకటి మాట్లాడారు. తలా కొన్ని చిప్స్, అంటే డబ్బుకి బదులు పందెం కాసే బిళ్లలు, మీసాలాయన ఖర్చు. ఒక్కొక్కరు ఒక అతిథిని తెచ్చుకోవచ్చు. క్లైమాక్స్ నన్ను పట్టుకెళ్లాడు, ధైర్యానికి.

“ఆటదేముంది మామా, ఓడిపోతం. అసలు పరీక్ష టిప్ కాడ ఉంటది” అన్నాడు బస్సులో. వారం రోజులు అమెరికా వీడియోలు చూసి, ముక్కలు పంచే డీలర్లకి టిప్ ఇచ్చే పద్ధతి మీద ఇంకో థీసిస్ చేసుకొచ్చాడు. “గెలిచినోడు డీలర్‌కి చిప్ జరపాలె. ఇయ్యలేదనుకో, ఇండియావోళ్లు పిసినారులంటరు. ఎక్కువిస్తే ఫోజు అంటరు. ఇచ్చేటప్పుడు మొహంల నవ్వుండాలె, పండ్లు కనబడొద్దు.”

“పళ్లు కనబడకుండా ఎలా నవ్వుతావో ఒకసారి చూపించు” అన్నాను. చూపించాడు. ఎదురు సీట్లో పాప వాళ్లమ్మని అతుక్కుపోయింది.

ఇక్కడ మా చదువు సంగతి ఒకటి చెప్పాలి. జర్మన్ క్లాసుల్లో పాఠం అయ్యాక చప్పట్లు కొట్టరు, వేలి కణుపులతో బల్ల మీద టకటకా తడతారు. మొదటిరోజు ఆ చప్పుడు వినగానే క్లైమాక్స్ “లొల్లి అయితుంది మామా, బ్యాగు తీస్కో” అని తలుపు దాకా పరిగెత్తాడు. ఆ సిగ్గు పోవడానికి ఆ తర్వాత ప్రతి క్లాసులో మేమిద్దరం అందరికన్నా గట్టిగా తట్టేవాళ్లం. చివరికెలా తయారయ్యామంటే, ఎక్కడ ఎవరు బల్ల తట్టినా మా చేతులు వాటంతటవే లేచేవి.

కాసినోలో కిటికీల నిండా ఇంకా ఎండ ఉంది. డీలర్ యాభై దాటిన ఆవిడ, నల్ల వెయిస్ట్‌కోటు, గుండ్రటి కళ్లజోడు. మొదటి ఆటలోనే క్లైమాక్స్ ముక్కలు పారేసి, ఓడిపోయి, ఒక చిప్ ఆవిడ వైపు జరిపాడు. “మీరింకా గెలవలేదు కదా” అని ఆవిడ మర్యాదగా వెనక్కి జరిపింది. “అడ్వాన్సు” అన్నాడు వీడు. మీసాలాయన కనుబొమలు లేచాయి. కంగారు జాబితాలో ఇంకొకటి చేరినట్టుంది.

తర్వాత మీసాలాయనే ఒక ఆట గెలిచి పద్ధతి చూపించాడు. ఒక చిప్ జరిపాడు. డీలరమ్మ దాన్ని బల్ల అంచుకి టక్‌టక్‌మని తట్టి, “ఉద్యోగులందరి తరఫునా ధన్యవాదాలు” అని, బల్లకున్న సందులో వేసింది. అచ్చం మన హుండీయే. అందులో పడ్డది అక్కడ పనిచేసేవాళ్లందరి జీతాల్లోకి వెళ్తుందట. ఆ టక్‌టక్ వినగానే మేమిద్దరం భక్తిగా బల్ల తట్టాం. బల్లంతా మావైపు చూసింది. “పోకర్‌లో బల్ల తడితే చెక్ అని అర్థం. అంటే ఇప్పటికి నేను పందెం పెంచను అని. మీ వంతు వచ్చినప్పుడే తట్టండి” అంది డీలరమ్మ ఓపిగ్గా. తలలూపాం. తల విన్నది చేతికి చేరడానికి టైము పడుతుంది.

ఒక గంటకి అసలు ఆట పడింది. అందరూ ముక్కలు పారేశారు, మిగిలింది క్లైమాక్సూ మీసాలాయనా. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే ముక్కల్లో ఆఖరిది కూడా తెరిచారు. వాడి మోకాలు బల్లకింద నా మోకాలికి కొట్టుకుంటూ కుట్టుమిషన్‌లా ఆడుతోంది, అంటే బ్రహ్మాండమైన ముక్కలు పడ్డాయన్నమాట. వంతు వాడిదే. అరిచినంత పని చేసి చిప్స్ అన్నీ తోసేసేవాడే. సరిగ్గా అప్పుడు, ముందు ఆట గెలిచిన వాళ్లాఫీసు అకౌంట్సావిడకి టిప్ మర్చిపోయిన సంగతి గుర్తొచ్చింది. “అయ్యో, క్షమించండి” అని ఒక చిప్ జరిపింది. డీలరమ్మ తీసుకుని బల్ల అంచుకి టక్‌టక్.

క్లైమాక్స్ చెయ్యి లేచింది. బల్ల మీద టక్‌టక్.

“చెక్” అంది డీలరమ్మ.

వాడు గిరుక్కున నావైపు తిరిగాడు. “చెక్ ఏంది మామా? నేను చప్పట్లు కొట్టిన!” అన్నాడు నాతో.

“ఆట మధ్యలో జర్మన్ గానీ ఇంగ్లిష్ గానీ మాత్రమే, దయచేసి” అంది ఆవిడ. కాసినోల్లో అది రూలట. వాడికి ఆ క్షణంలో రెండూ రాలేదు. నోరు మూసుకుని బొమ్మలా కూర్చున్నాడు. ఆరు నెలలుగా వాణ్ణి చూస్తున్న మీసాలాయన, ఆ మౌనం చూసి, పాపం కుర్రాడి దగ్గర ఏమీ లేదనుకున్నాడు. మీసం దువ్వుకుని తన చిప్స్ మొత్తం ముందుకి తోశాడు. క్లైమాక్స్ తన చిప్స్ కూడా తోసి ముక్కలు తిప్పాడు. చేతిలో రెండు కింగులు. బల్ల మీద ఇంకో కింగు, జంట ఏడులు. ఫుల్ హౌస్ అంటారు దాన్ని, కుప్పంతా వాడిదే.

మీసాలాయన ఆ ముక్కల్నీ వాడి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. “ఇవి చేతిలో పెట్టుకుని, తట్టి ఊరుకున్నావా? నన్నే నీ వలలోకి నడిచి రానిచ్చావా?” అన్నాడు మెల్లగా.

వాడు నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు: అది పొరపాటు సార్, క్లాసు అలవాటు సార్, మొదటిరోజు నేను తలుపు దాకా పరిగెత్తిన సార్. నేను చెబితే ఇంకా బాగా చెప్పేవాణ్ణి, బల్లంతా పొట్ట పట్టుకునేది. అంత మంచి జోకు నా నాలుక చివర మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు. దాన్ని మింగేసి, వాడి బూటు మీద నా బూటు పెట్టి గట్టిగా నొక్కాను.

నొప్పికి వాడి మాట మారిపోయింది. “టిప్ ఎంత ఇయ్యాలె మామా?” అన్నాడు తెలుగులో. పాపం, ఆ వీడియోల్లో సొంత బాసుని ఓడించినప్పటి రేటు చెప్పలేదు.

“మొత్తం ఇచ్చెయ్, పాపం పోతుంది” అన్నాను, అలవాటు కొద్దీ. జోకని వాడికి తట్టలేదు. రెండు చేతులతో ఆ చిప్స్ కుప్పంతా డీలరమ్మ వైపు తోసి, హోటల్లో చిల్లర ఉంచుకోమనడానికి చెప్పే మాట అన్నాడు: “ష్టిమ్ట్ జో.”

డీలరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. నిజంగానే ఇస్తున్నారా అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఒక్కొక్క చిప్ తట్టి సందులో వేయడం మొదలుపెట్టింది. వేస్తూనే ఉంది. వచ్చే దారిలో కబాబ్ తిందామనుకున్నాం గానీ, ఆ కబాబ్ కూడా అందులోనే పడిపోయింది. నేను మాత్రం ఈసారి చేతులు ఒళ్లో కట్టుకున్నాను.

సోమవారం సాయంత్రం క్లైమాక్స్ వంటగదిలోకి వచ్చి, మూత తీసి, పప్పు కలిపి, “థీసిస్ నాకే ఇచ్చిండు మామా” అన్నాడు. అంతే. గోడకి జారలేదు, అరవలేదు. “చేతిలో ఏముందో చూపించడు, డబ్బు చూసి ఊగడు, నాకిలాంటివాడే కావాలి” అన్నాట్ట మీసాలాయన. గాలి తీద్దామని చూశాను, తీయడానికి వాడిలో గాలే లేదు. ఆ నెల నుంచీ ఆఫీసులో ఆ పేరు నిలబెట్టుకోవడానికి వాడు నోరు తెరవడం తగ్గించాడు. తర్వాత నిజంగానే తగ్గిపోయింది.

ఇప్పుడు వాడు ఇంగోల్‌స్టాట్‌లో సప్లయర్లని కూర్చోబెట్టి, తను మాట్లాడకుండా చెమటలు పట్టిస్తున్నాడట. మా ఫోన్లు చప్పగా రెండు నిమిషాల్లో అయిపోతాయి. అప్పుడప్పుడూ మా పాత క్లైమాక్స్ మీద బెంగగా ఉంటుంది. ఎక్కడ బుడగ కనిపిస్తే అక్కడ పొడవడమే తెలివనుకుని, పెద్ద కోటులో చేతులు దాచుకుని కూర్చున్న ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, కూడా గుర్తొస్తాడు. జీవితంలో ఒక్క జోకు మింగాడు, అదీ తన రూమ్మేట్ కోసం. వాడంటే నాకు గౌరవమే. మరీ ఎక్కువేం కాదు, ఒక చిప్పంత.