నూకరత్నం గట్టుకి పెట్టిన గడ్డి

ఆటో ఉన్నట్టుండి ఆగింది. ముందు రోడ్డు లేదు, ఎర్రటి బురద ఉంది. రాత్రి కురిసిన వాన పక్కనున్న మెరక పొలాన్ని తెచ్చి తారు మీద పరిచేసింది. చోడవరంలో ఎక్కినవాళ్లం, రోలుగుంట ఇంకా దూరమే. మాడుగుల వైపు ఆకాశం మళ్లీ నల్లబడుతోంది.

డ్రైవరు హరిబాబు దిగి చక్రాలు చూసుకుని తిట్లు మొదలెట్టాడు. “ఎవుడిదో గానీ పొలం రోడ్డెక్కిపోనాది! ఇలాంటోళ్లకి భూమెందుకో!”

నా పక్కన బంగార్రాజు కూర్చున్నాడు. అరవై దాటిన చెరుకు రైతు. దారి పొడుగునా ఒళ్లో పార పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. నిన్న కమ్మరి చేత దానికి పదును పెట్టించి, వానకి చిక్కుకుని, రాత్రి చెల్లెలింట్లో పడుకున్నాడట.

ఎందుకంత పదునని ఎక్కగానే అడిగాను.

“గట్టు సెక్కాల బాబూ. మా ఇంటిది నూకరత్నం పరువు తీసేసింది. గట్టంతా వట్టివేరు దుబ్బులు పాతీసింది. మట్టి ఆపుతాదంట.”

“ఆపదా?”

“ఆపితే ఆపుతాది. సూసినోళ్లేటంటారు? బంగార్రాజుకి ఒళ్లొంగక గట్టుకి గెడ్డం పెరిగిపోనాదంటారు.”

ఈ పక్క గట్టంటే రైతు మొహమే. ఏటా దాన్ని పారతో నున్నగా చెక్కాలి, గడ్డిపరక కనబడితే నామోషీ. సంబంధానికొచ్చినవాళ్లు ఇంటికన్నా ముందు గట్టు చూసేవారట. చెక్కేకొద్దీ గట్టు సన్నబడుతుంది, మిగిలినచోట ఇంకో చెరుకు వరస పడుతుంది. బంగార్రాజు తండ్రి ఆ గట్టు మీద బండి తోలేవాడు. ఇప్పుడు చేతులు చాపుకుని నడవాలి. ఆ మాట ఆయన గొప్పగానే చెప్పాడు. పాత శాసనాల్లో పొలాల ఎల్లలు చెప్పేటప్పుడు పుట్టలూ రాళ్లూ చింతచెట్లూ వరసగా చెక్కిస్తారు. వాటి మధ్య మట్టి నడిచి వెళ్లిపోతుందని ఏ రాజూ చెక్కించినట్టు నేను చదవలేదు. పోనీండి, రాజులకి పార పట్టే పనేముంది?

నూకరత్నానికి మాత్రం మట్టి పోవడం కనబడింది. చెరుకు దుబ్బుల మొదట్లో వేళ్లు బయటపడ్డాయి, ఒక ఏడు లేని రాళ్లు మరుసటి ఏడు పైకొచ్చాయి. కిందటేడు గడ్డి పెట్టింది. మొగుడు చెక్కేశాడు. ఈ ఏడు మళ్లీ పెట్టింది.

“ఈసారి సెక్కితే మెరకలో కాలెట్టనంది,” అన్నాడు. “అదంత తొందరగా అనదు బాబూ. అందంటే సేస్తాది. అది నేకపోతే నానొక్కణ్ణీ ఏటి సేద్యం సేస్తాను?”

“మరెందుకు చెక్కడం?”

ఒళ్లోని పార ఇంకోసారి తిప్పాడు. అంతలోనే ఆటో ఆగింది.

ఎవరూ చెప్పకుండానే బంగార్రాజు దిగి బురద లాగడం మొదలెట్టాడు.

“ఒగ్గీ మావా,” అన్నాడు హరిబాబు. “ఆ పొలమోడొచ్చి ఎత్తుకుంతాడు. నీకేటి?”

“నాదేరా.”

హరిబాబు తల గోక్కున్నాడు. “ముందే సెప్పొచ్చు గదా మావా, తిట్లు దాసుకుందును!”

తలెత్తి చూశాను. రోడ్డు వైపు గట్టు బండి పట్టేంత మేర తెగిపోయింది. కొట్టుకొచ్చిన మట్టిలో వట్టివేరు దుబ్బులు వెల్లకిలా పడున్నాయి.

“సూడండి, గడ్డి కూడా ఆగనేదు!” అన్నాడు, గెలిచినవాడిలా. ఒక దుబ్బు తీసి అడుగు చూశాడు. నాటి ఎన్నాళ్లో కాలేదు, తెల్లటి కొత్త వేళ్లు అప్పుడప్పుడే తొంగిచూస్తున్నాయి. “కిందటేటివి ఉండుంటే ఈపాటికి ఏర్లు లోపలికి దిగి...” అని ఆగిపోయాడు.

పైనుంచి కేక వినిపించింది. తట్టతో మట్టి మోస్తూ, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని, నూకరత్నం గండి దగ్గర నిలబడింది.

“వచ్చేవా? పార పదునెట్టించేవా? రా, రా, సెక్కుదువు గానీ. గట్టేదీ?”

హరిబాబు పకపకా నవ్వాడు. బంగార్రాజు పార పక్కన పెట్టాడు. తలగుడ్డ విప్పి బురదలో పరిచాడు. దుబ్బులు ఏరి అందులో పెట్టడం మొదలెట్టాడు. దూరంగా ఉరిమింది. చేతులు వేగం అందుకున్నాయి. మూట కట్టి, వేళ్లు ఆరిపోకుండా రోడ్డు పక్క కాలవలో ఒకసారి ముంచి నెత్తిన పెట్టుకున్నాడు.

“సాయం రమ్మంటారా?” అన్నాను.

“మావా, సగం రోడ్డు ఇంకా బురదే! మేమెలాగెల్తాం?” అని హరిబాబు అరిచాడు.

ఆయన అప్పటికే రోడ్డు దిగి, పార భుజానేసుకుని, చెరుకులోంచి గండి వైపు ఎక్కిపోతున్నాడు.