మడవని చిటికెన వేలు

మా సండే స్కూలు టీచరమ్మ పోయిన వార్త నాకు శ్రీలంకలో తెలిసింది. మా యువజన బృందం వేసవి సెలవుల్లో అక్కడి తేయాకు తోటల పిల్లలకు బైబిలు బడి నడపడానికి వెళ్లింది. ముగింపు కార్యక్రమానికి రంగు కాగితాలు కత్తిరిస్తుంటే రాజోలు దగ్గర మా ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"టీచరమ్మ గారు పోయేరే. రేపు మధ్యాహ్నమే భూస్థాపన. ఈ ఎండల్లో ఉంచలేమంటున్నారు. నువ్వు రాలేవు కదా?"

రాలేను. తిరుగు టిక్కెట్టు ఎల్లుండికి. కత్తెర పడేసి బయటికెళ్లి వానలో నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వెళ్లిన మొదటి రోజు నుంచీ ఆ తోటల పిల్లలు ఆవిడ బతకాలని పొద్దున్నే ప్రార్థన చేస్తున్నారు. మా టీచరమ్మకు కాలేయం పాడైంది, మీరు అడగండి అని వాళ్లకు చెప్పింది నేనే.

ఆవిడ మాకు నేర్పిన పద్ధతే వాళ్లకూ నేర్పాను. అరచెయ్యి తెరిచి, ఒక్కొక్కరి కోసం అడుగుతూ ఒక్కో వేలూ మడవాలి. బొటనవేలు ఇంట్లోవాళ్లకి, చూపుడువేలు చదువు చెప్పేవాళ్లకి, నడివేలు ఇరుగుపొరుగుకి, ఉంగరపువేలు దూరాన ఉన్నవాళ్లకి, చిటికెన వేలు జబ్బు పడ్డవాళ్లకి. పిడికిలి మూసుకున్నాకే ఆమెన్. చిన్నప్పుడు మేం ఇంటికి పోయే తొందరలో ముందే ఆమెన్ అనేస్తే ఊరుకునేవారు కాదు.

"వేళ్లు మిగిలిపోయేయి చూసుకోండి! ఆకలేస్తందని మనుషుల్ని వదిలేస్తారా?" అనేవారు. ప్రార్థనకు ముందు చేతి గడియారం తీసి బల్ల మీద బోర్లించడం ఆవిడ అలవాటు. దేవుడి దగ్గర టైం చూసుకోకూడదట.

నా చిన్నప్పుడు అమ్మ మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లింది. క్రిస్మస్‌కి వచ్చేస్తుందని నాన్న, నాయనమ్మ, ఆఖరికి పాస్టరు గారు కూడా చెప్పేవారు. టీచరమ్మను అడిగితే, నా జడ అల్లుతూనే, "ఈ క్రిస్మస్‌కి రాదమ్మా. రావాలని ప్రభువుని అడుగుదాం. ఇస్తారో ఇవ్వరో నాకు తెలీదు" అన్నారు. ఆవిడ పెట్టిన తాండ్ర ముక్కను కోపంతో కాలవలోకి విసిరేశాను. క్రిస్మస్ వచ్చింది, అమ్మ రాలేదు. మిగతా వాళ్లంతా నా మొహం చూడలేక తప్పించుకు తిరిగారు. టీచరమ్మ ఒక్కరే ఇంటికొచ్చి, నాకు కొత్త గౌను తొడిగి, చెయ్యి పట్టుకుని గుడికి తీసుకెళ్లారు.

ఈ శ్రీలంక ప్రయాణానికి ముందు ఆవిడను చూడ్డానికి వెళ్తే కాళ్లు వాచిపోయి వసారాలో పడుకుని ఉన్నారు. "నేనొచ్చేసరికి మీరు లేచి తిరుగుతారండి" అన్నాను.

"అడుగమ్మా. మాట మాత్రం ఇవ్వకు" అన్నారు.

మా బృందాన్ని నడిపించిన అన్నకు తమిళం వచ్చు. నా మాటలు పిల్లలకు చెప్పేది ఆయనే. సంగతి తెలిశాక నన్ను పక్కకు పిలిచాడు. "రేపు ఆఖరి రోజు చెల్లీ. ఇప్పుడీ మాట చెప్తే పిల్లల విశ్వాసం ఏమైపోద్ది? బాగయ్యేరని చెప్పు. పరలోకంలో బాగానే ఉన్నారు కదా, అబద్ధం కాదు."

"ఆవిడ ఎదురుగా నిలబడి ఈ మాట అనగలవా అన్నా?"

ఆయనా ఆవిడ దగ్గర వేళ్లు మడిచినవాడే. తల దించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఇక్కడ మా ఊళ్లో ఆవిడ పెట్టెను సమాధుల తోటకు మోసుకెళ్తున్న వేళకి, అక్కడ రేకుల షెడ్డులో నేను పిల్లల ముందు నిలబడ్డాను. "మా టీచరమ్మ చనిపోయారు" అన్నాను. అన్న తమిళంలో చెప్పాడు. రోజూ ప్రార్థన నడిపించే చిన్నపిల్ల ముందు వరసలోంచి ఏదో అడిగింది. అన్న తెలుగులో చెప్పకుండా నిలబడిపోయాడు.

"ఏమంటోంది?"

"మేం సరిగ్గా అడగలేదా, అంటోంది."

దేవుడి చిత్తం అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. "మీరు చాలా బాగా అడిగారు. ఎందుకివ్వలేదో నాకు తెలీదు" అన్నాను. ఇప్పటికీ తెలీదు.

ముగింపు ప్రార్థన కూడా ఆ పిల్లదే. కళ్లు మూసుకుని, చెయ్యి ఎత్తి, ఒక్కో వేలూ మడుస్తూ వచ్చింది. వెనక పిల్లలందరూ మడిచారు. చిటికెన వేలు దగ్గర ఆగిపోయింది. ఆ వేలు ఇన్నాళ్లూ మీదే, టీచరమ్మా. పిల్ల కళ్లు తెరిచి వేలి వంక చూసుకుంది, తర్వాత నా వంక చూసింది. మడవమని చెప్పలేకపోయాను, వద్దనీ చెప్పలేకపోయాను. ఆ రేకుల షెడ్డు నిండా చిన్న చిన్న పిడికిళ్లు, ఒక్కోదాని మీద ఒక్కో వేలు నిలబడి ఉంది. ఆమెన్ ఎవరూ అనలేదు.