ఆర్జియా పేరున రోసాల్బా వంట

ఇటలీలో మోదెనా దగ్గరున్న ఆ ఇంటికి రోసాల్బా కోడలిగా వచ్చి ముప్ఫై నాలుగేళ్లయింది. దక్షిణాదిన కలాబ్రియాలో పుట్టడమే ఆమె చేసిన నేరం. అత్తగారు ఆర్జియా మొదటి క్రిస్మస్‌కే మొహం మీద అనేసింది: "పిండి నువ్వు ఒత్తు. లోపలి ముద్ద నేను కలుపుతా. అది మీవైపు వాళ్లకి అబ్బదు." ముద్ద కలిపేటప్పుడు వంటింటికి గడియ పెట్టుకునేది. ఎనిమిదేళ్లు అలా గడియ పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండానే పోయింది మహాతల్లి.

ఆ ఏడు, మాంసం ముద్ద పెట్టి మడిచే టోర్టెల్లీని లేని పండగే అనుకున్నారంతా. టైల్స్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి, నెల రోజులు కలిపి పారేసి, కలిపి పారేసి, చివరికి రోసాల్బా తన నాలుకనే నమ్ముకుంది. పంది మాంసం ఉడికించకుండా వేయించింది. జాజికాయతో పాటు పుట్టింటి అలవాటుగా కాస్త నిమ్మతొక్క తురిమింది. ఆ గోరంత మడతలు కోడి చారులో తేలగానే బావగారు ఇవానో కళ్లు తుడుచుకుని, "అచ్చం మా అమ్మ చేతి రుచి!" అన్నాడు. ఏడుస్తున్న మనిషితో ఏం వాదిస్తామని ఆమె ఊరుకుంది. అదే తప్పయిపోయింది. ఇరవై ఆరేళ్లుగా సొమ్మొకరిది, సోకొకరిది.

ఈ క్రిస్మస్‌కూ బల్ల చుట్టూ అదే రభస. టోర్టెల్లీని పుట్టింది బొలోన్యాలోనా, మోదెనాలోనా? టమాటా మనదా, సముద్రం అవతలివాళ్లదా? తిండికి పుట్టుపూర్వోత్తరాలు తవ్వే ఈ పండితుల్లో ఒక్కడికీ ఎదురుగా ఉన్న గిన్నె ఎవరు వండారన్న ఆలోచన రాదు.

ఇవానో జేబులోంచి కాగితం తీశాడు. "చర్చివాళ్లు ఊరి వంటల పుస్తకం వేస్తున్నారు. 'ఆర్జియా టోర్టెల్లీని' అని మొదటి పేజీ మనకేనట. కొలతలు చెప్పమ్మా, రాసుకుంటా."

రోసాల్బాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ అమ్మ కొలతలు మీ అమ్మతోనే పోయాయి బావగారూ. ఇన్నేళ్లూ మీరు లొట్టలేసుకుని తింటోంది నా వంట. రాస్తే నా పేరు రాయండి."

"పండగపూట ఏం మాటలవి? మా అమ్మ చేతి రుచి నాకు తెలీదా?"

"తెలిస్తే చెప్పండి, నిమ్మతొక్క మీ అమ్మ ఏనాడైనా వేసిందా?"

మొగుడు లోరిస్ చారులోకి చూస్తూ కూర్చున్నాడు. తొంభై ఏళ్ల మామగారు ప్రీమో మాత్రం చెంచా కింద పెట్టాడు.

"కోడలు చెప్పింది నిజమేరా. మొదటి చెంచాకే నాకు తెలిసిపోయింది. మీ అమ్మది ఇంత బాగుండేది కాదు."

ఆ మాట కోసమే ఆమె ఇన్నేళ్లూ ఎదురుచూసింది. తీరా విన్నాక కోపం రెట్టింపయింది.

"మొదటి చెంచాకే తెలిసిందా మామయ్యా? తెలిసీ ఇరవై ఆరు క్రిస్మస్‌లు నోరు మూసుకుని తిన్నారా?"

"ఇంట్లో గొడవెందుకని..." అంటూ ముసలాయన తల దించుకున్నాడు.

రోసాల్బా ఇవానో చేతిలోంచి కాగితం లాక్కుంది. పైన ఉన్న అత్తగారి పేరు కొట్టేసి తన పేరు రాసింది. కింద ఒక్క కొలతా రాయకుండా కాగితాన్ని అతని గిన్నె పక్కన పడేసింది.

"పేరు ఇదీ. మిగతాది మీ అమ్మగారినడిగి రాసుకోండి."